పాయింట్ టూ టూ తూటా కథ

మన బడిలో ఎన్.సి.సి.లో చేరిన వాళ్లందరికీ పాయింట్ టూ టూ రైఫిల్ గుర్తుండే ఉంటుంది. ఫైరింగ్ రోజున లెక్కపెట్టి ఇచ్చిన ఆ కొద్ది రౌండ్ల వెనక పెద్ద చరిత్రే ఉంది.

1845లో ఫ్రాన్స్‌లో ఫ్లోబేర్ అనే తుపాకుల తయారీదారు ఇళ్లలో సరదాగా కాల్చుకోవడానికి ఒక బుల్లి తూటా చేశాడు. 1857లో అమెరికాలో స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ అందులో మందు చేర్చి 'షార్ట్' తూటా తెచ్చింది. 1887లో స్టీవెన్స్ కంపెనీ తెచ్చిన 'లాంగ్ రైఫిల్' రకమే నేటికీ పోటీల్లో వాడుతున్నారు. పెద్ద తూటాలకు అడుగున నడిమధ్య నిప్పంటించే టోపీ ఉంటుంది. దీనికి ఆ మసాలా అడుగు అంచు మడతలో ఉంటుంది. అందుకే రిమ్‌ఫైర్ అన్నారు. అంచు చుట్టూ మసాలా సమంగా పరుచుకోకపోతే తూటా పేలకపోవచ్చు, పేలినా వేగం మారిపోవచ్చు.

బోయర్ యుద్ధం (1899–1902) తర్వాత లార్డ్ రాబర్ట్స్ ప్రోత్సాహంతో బ్రిటన్‌లో సామాన్యుల రైఫిల్ క్లబ్బులు పెరిగాయి. తూటా చవక, శబ్దం తక్కువ, చిన్న స్థలం చాలు. 1908 లండన్ ఒలింపిక్స్ నాటికి స్మాల్‌బోర్ పోటీలు వచ్చేశాయి. పాత మసాలా గొట్టానికి తుప్పు పట్టించేది. 1920లలో తుప్పు పట్టించని మసాలా రావడంతో ఆ బాధ తీరింది.

మిగిలింది ఒక్కటే సమస్య: ప్రతి తూటా పక్కదానిలాగే ఉండాలి. 50 మీటర్ల రైఫిల్ పోటీలో పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. సెకనుకు 320 మీటర్లతో పోయే గుండు వేగం 10 మీటర్లు తగ్గితే, లెక్క ప్రకారం సుమారు 8 మిల్లీమీటర్లు కిందికి తగులుతుంది. గురి ఎంత బాగున్నా పది చేజారవచ్చు. వేగం ఎక్కువైతే మంచిదనుకోవడమూ పొరపాటే. శబ్దవేగం, అంటే సుమారు 340 మీటర్లు, దాటిన గుండు దారిలో మళ్లీ దానికిందికి దిగేటప్పుడు కుదుపుకు లోనవుతుంది. అందుకే పోటీ తూటాలను ఆ వేగానికి లోపలే ఉంచుతారు.

ఒక రైఫిల్‌కి నప్పిన తూటా మరోదానికి నప్పదు. ఒకే కంపెనీలో ఒకే రకమైనా లాట్ మారితే ఫలితం మారుతుంది. ఎలీ, లాపువా వంటి కంపెనీల పరీక్షా కేంద్రాల్లో షూటర్లు తమ రైఫిల్‌ను బిగించి వేర్వేరు లాట్లు కాల్చి చూసి, నప్పిన లాట్‌నే కొనుక్కుంటారు. మనం చేయగలిగిందీ అదే. రెండు మూడు లాట్ల పెట్టెలు తెచ్చి, ఆనించి పది పది చొప్పున కాల్చాలి. ఎంచేటప్పుడు అన్నిటికన్నా మంచి గుంపును కాదు, అన్నిటికన్నా చెడ్డ గుంపును చూడాలి. పేలని తూటా తగిలితే గొట్టం లక్ష్యం వైపే ఉంచి అర నిమిషం ఆగాలి.

2012లో విజయ్ కుమార్ ఒలింపిక్ రజతం, 2023 ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్ రజతం, 2024లో స్వప్నిల్ కుసాలే ఒలింపిక్ కాంస్యం, అన్నీ ఈ చిన్న తూటాతో వచ్చినవే.

మా రోజుల్లో ఒక క్యాంపులో నా పక్కవాడి ఐదు రౌండ్లలో ఒకటి పేలలేదు, ఇంకొకటి ఎటో పోయింది. వాడికి గురి లేదని జట్టులోంచి తీసేశారు. ఇప్పుడు క్యాడెట్లను ఎంపిక చేసే మాస్టర్లకు నాదొక విన్నపం. పెట్టె మీది లాట్ నంబరు చూసి, అందరికీ ఒకే లాట్ పంచండి. పేలని రౌండుకు బదులు మరొకటి ఇవ్వండి. పిల్లవాడి గురి గురించి తీర్పు ఆ తర్వాత చెప్పవచ్చు.