కాలువ వచ్చాక మా మునగచెట్టు

చరిత్ర పుస్తకాల్లో రాజులుంటారు, కోటలుంటాయి, శిస్తులుంటాయి. పెరట్లో పెరిగి పప్పులో పడే మునగకు అక్కడ చోటెక్కడిది? కానీ ఆ చెట్టు వెనకాలే నడిస్తే మా హుజూర్‌నగర్ ఆడవాళ్ల వంటింటి చరిత్ర కనిపిస్తుంది నాకు.

మునగ పుట్టిల్లు ఉత్తరాదిన హిమాలయాల దిగువ ప్రాంతం. చరక సంహితలో దీని పేరు శిగ్రు. శాస్త్రవేత్తలు పిలిచే 'మొరింగా' అనే పేరు తమిళుల 'మురుంగై' నుంచి వచ్చింది. మనమేమో దాన్ని నానుడిలోకి తెచ్చుకున్నాం. ఎవరినైనా పొగిడి ఉబ్బేస్తే 'మునగచెట్టు ఎక్కించారు' అంటాం. దాని కొమ్మ పెళుసు, ఎక్కినవాళ్లు పడక తప్పదు. రోజూ ఆ చెట్టును చూసేవాళ్లకే తట్టే మాట అది.

మా అత్తగారి చిన్నతనంలో ఇక్కడ వానను నమ్ముకున్న మెట్ట సేద్యమే ఎక్కువట. ఎండలకు మిగతా ఆకుకూరలు మాడిపోయినా మునగ నిలబడేది. జొన్నరొట్టెలోకి మునగాకు పప్పు, ఆషాఢం వస్తే మునగాకు తప్పనిసరి. విత్తనం కొనే పనే లేదు. చేతి మందం కొమ్మ నాటితే బతుకుతుంది. అమ్మలక్కలు కొమ్మలు ఇచ్చిపుచ్చుకునేవారట.

1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మా భూములు వరి మళ్లయ్యాయి. ఇంటింటా తెల్లన్నం ఉడికింది. ఆకలి తీర్చిన నీళ్లను నేనెలా తప్పుపడతాను? కానీ జొన్నరొట్టె వెనక్కి తగ్గింది. మునగకేమో వేళ్ల దగ్గర నీళ్లు నిలిస్తే గిట్టదు, కుళ్లిపోతుంది. తర్వాత పెరళ్లు గచ్చులయ్యాయి.

1989లో తమిళనాడులోని పెరియకుళం ఉద్యాన కళాశాల పీకేఎం-1 రకాన్ని విడుదల చేసింది. గింజ నాటితే ఆరేడు నెలల్లో కాపు, రెండడుగుల కాయ. మునగ తోట పంటయింది, కాయ సంతకొచ్చింది. ఆకు మాత్రం రాలేదు. కాయ కొనుక్కోవచ్చు, లేత ఆకు కావాలంటే చెట్టు మనదై ఉండాలి.

ఇది చిన్న నష్టం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల మునగాకులో దాదాపు 314 మిల్లీగ్రాముల కాల్షియం, నాలుగున్నర మిల్లీగ్రాముల ఇనుము ఉన్నాయి. అలాగని ఇది మంత్రం కాదు. ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి తక్కువగానే పడుతుంది, అందుకే పప్పులో నిమ్మరసం పిండుకోండి. డాక్టరు రాసిన ఇనుము మాత్రలు మానొద్దు. గర్భిణులు మునగ వేరు, బెరడు జోలికి పోకూడదు.

వానలు మొదలయ్యాక నీళ్లు నిలవని మూల చూసి ఒక కొమ్మ నాటండి. మనిషెత్తు దాటగానే తల తుంచండి, పక్కకొమ్మలు వేసి ఆకు చేతికందుతుంది. వచ్చే ఏడు ఒక కొమ్మ పక్కింటావిడకు ఇవ్వండి. ఆగిపోయిన ఇచ్చిపుచ్చుకోవడం మళ్లీ మన గుమ్మాల్లోనే మొదలవుతుంది.