పహాణీ, టిప్పను, యూనిక్స్ సర్వరు

మా ఆదిలాబాదు ప్రాంతంలో భూమి తగాదా పెద్దదైతే పెద్దమనుషుల నోట వచ్చే మాట ఒకటుంది: "ఖాస్రా తియ్యుండ్రి." ఖాస్రా అంటే 1954-55 నాటి ఖాస్రా పహాణీ. 1358 ఫసలీ నాటి హైదరాబాదు భూ హక్కుల రికార్డు రెగ్యులేషను ప్రకారం తయారైన ఆ రికార్డులో సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు, అనుభవదారు వంటి వివరాలు గడులు గడులుగా ఉంటాయి. డెబ్భై ఏళ్ళు దాటినా దానిని జనం ఆధారంగా చూపుతూనే ఉన్నారు. దానికంటే వెనక్కి వెళ్ళాలంటే నిజాం కాలపు సర్వేలో పుట్టిన సేత్వారు ఉంది.

నా ఉద్యోగ జీవితంలో చాలా భాగం యూనిక్స్ సర్వర్ల దగ్గర గడిచింది. భద్రపరచడం, తిరిగి నిలబెట్టడం అనే రెండు పనులు వేరువేరని నాకు ఆలస్యంగా తెలిసింది. మా ఊరి రెవెన్యూ దస్త్రాలను ముందే సరిగ్గా అర్థం చేసుకొని ఉంటే ఇంత ఆలస్యం అయ్యేది కాదేమో. ఈ టపా ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసే ప్రయత్నం.

పహాణీ ఏటేటా రాసేది. రాసేవాడు పోయినేటి పహాణీని ముందు పెట్టుకొని, మారినవి దిద్ది, మారనివి ఉన్నదున్నట్టు ఎక్కించేవాడు. పని సులువే, కాని ఇందులో ఒక ప్రమాదం ఉంది. ఒక ఏడు పేరు తప్పుగా పడితే మరుసటి ఏడూ అదే పడుతుంది. పదేళ్ళు గడిచేసరికి ఆ తప్పుకు పది సాక్ష్యాలు పుడతాయి. అందుకే తప్పు పుట్టకముందు నాటి నకలు కావాలి. ఖాస్రా విలువ దాని పాతదనంలోనే ఉంది.

యూనిక్స్ వాళ్ళకూ ఇదే చిక్కు ఎదురైంది. బెల్ ప్రయోగశాలల యూనిక్సులో 1970లలోనే 'డంప్' అనే ఆదేశం వచ్చింది. 1979 నాటి ఏడవ కూర్పుతో 'టార్' వచ్చింది. టార్ దస్త్రాలను పేరు పేరునా పిలిచి టేపు మీదికి ఎక్కిస్తుంది. డంప్ ఒక ఫైల్ సిస్టమును దాని లోపలి పట్టికల ద్వారా చదువుతుంది. డంపులో సున్నా నుంచి తొమ్మిది దాకా అంచెలు స్థిరపడ్డాయి. సున్నా అంటే మొత్తం నకలు. పై అంచె అంటే, అంతకు తక్కువ అంచెలో తీసిన చివరి నకలు తర్వాత మారినవి మాత్రమే. సున్నా అంచె టేపు పాడైతే పై అంచెలన్నీ ఆధారం లేనివవుతాయి. ఖాస్రా లేకుండా నిన్నటి పహాణీ ఒక్కటే చేతిలో ఉన్నవాడి స్థితి అది.

ఇక అసలు చిక్కు విభజనలో ఉంది. తెలంగాణలో ఒక సర్వే నంబరు అన్నదమ్ముల మధ్య పంచుకోగా 45/అ, 45/ఆ అని బై నంబర్లు పుడతాయి. చాలాచోట్ల ఆ విభజన కాగితం మీదే ఉంటుంది. నేల మీద కొలిచి హద్దురాళ్ళు పాతితేనే ఫోడీ పూర్తయినట్టు. ఎవరికి ఎన్ని గుంటలో పహాణీ చెబుతుంది. ఆ గుంటలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో అది చెప్పదు. సర్వే నంబరు ఆకారాన్నీ కొలతలనూ చెప్పేది టిప్పను అనే క్షేత్రచిత్రం. టిప్పను పోతే పట్టా చేతిలో ఉన్నా గెట్టు తెగదు. మా ఊళ్ళో ఒక ముసలాయన అన్న మాట నాకింకా గుర్తుంది: "కాయితమైతే ఉన్నది సారూ, గెట్టు యాడున్నదో చెప్పేటోడు లేడు."

ఒకే యంత్రాన్ని అనేక యంత్రాలుగా పంచే ఆలోచన 1960ల నాటి ఐబీఎం ప్రయోగాలలోనే ఉంది. 2001లో హెచ్‌పీ తన యూనిక్స్ అయిన హెచ్‌పీ-యూఎక్స్ మీద వర్చువల్ పార్టిషన్లు తెచ్చింది. ఆ ఏడే ఐబీఎం పవర్4 యంత్రాలలో తార్కిక విభజన వచ్చింది. ఒకే పెట్టెలో రెండు మూడు యూనిక్సులు, ఒక్కొక్కదానికి తన ప్రాసెసర్లు, తన మెమరీ, తన డిస్కులు. వాటి మధ్య గోడలు ఇనుపవి కావు. హెచ్‌పీ పద్ధతిలో ఏది ఎవరి వాటానో ఒక చిన్న దస్త్రంలో రాసి ఉండేది. దాని నకలును ప్రతి పార్టిషనూ తన బూటు డిస్కు మీద ఉంచుకునేది. అన్నదమ్ములందరి ఇళ్ళలోనూ పంపక పత్రం ఒక్కో ప్రతి ఉన్నట్టు. ముచ్చటైన ఏర్పాటే, కాని ఇళ్ళన్నీ ఒకే కప్పు కింద ఉన్నాయి.

ఆ కప్పు కూలిన రోజు నా అనుభవంలో ఉంది. హైదరాబాదులో ఒక సంస్థలో అలాంటి యంత్రాన్ని చూసుకునేవాణ్ణి. కొన్ని వందల మంది జీతాల లెక్కలు అందులో ఉండేవి. ఒక నెలాఖరున విద్యుత్ లోపంతో డిస్కుల అర మొత్తం పోయింది. టేపులన్నీ చక్కగా ఉన్నాయి, అన్నీ చదివాయి. అయితే టేపులోనిది దించడానికి ముందు గదులు కట్టాలి కదా! ఏ పార్టిషనుకు ఎన్ని ప్రాసెసర్లు, ఏ వాల్యూము ఎంత పరిమాణం? ఆ వివరాలున్న దస్త్రాలు టేపులోనే ఉన్నాయి, తాళంచెవి పెట్టెలోపల ఉన్నట్టు. ఊహించి కట్టాను. ఒక వాల్యూము చాలక, దించడం సగంలో ఆగింది. మళ్ళీ మొదలు. మూడు రోజులు పట్టింది. జీతాలు ఆలస్యమయ్యాయి.

నాకు ముందు ఆ పని చూసినాయన ఈ కొలతలన్నీ ఒక కాగితం మీద అచ్చుతీసి యంత్రం తలుపు లోపలివైపు అంటించి వెళ్ళాడు. పాతదని, చూడ్డానికి బాగాలేదని దాన్ని పీకి పారేసింది నేనే. అది టిప్పను అని నాకు అప్పుడు తెలియదు.

యూనిక్సులో దీనికి మార్గాలు లేకపోలేదు. ఐబీఎం ఏఐఎక్సులో 'ఎమ్‌కెసిస్‌బి' తీసే నకలులో వాల్యూముల కొలతలు రాసిన దస్త్రం కూడా చేరుతుంది. హెచ్‌పీ-యూఎక్సులో వాల్యూముల అమరికను విడిగా దాచే ఆదేశం ఉండేది. మొత్తం వ్యవస్థను తిరిగి నిలిపే టేపు తీయడానికి 'ఇగ్నైట్' ఉండేది. సాధనాల లోటు కాదు. నకలు తీశాను గనుక పని అయిపోయిందనుకోవడమే లోటు.

నకలు ఎక్కడ ఉంది, ఎవరి చేతిలో ఉంది అనేదీ అంతే ముఖ్యం. 1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. 2020 సెప్టెంబరు 7న వి.ఆర్.ఓ.ల దగ్గరి రికార్డులను స్వాధీనం చేసుకున్నారు. ఆ ఏడు అక్టోబరు 29న ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. వ్యవస్థ మారిన ప్రతిసారీ తన పేరు కనబడని రైతు పాత పహాణీ నకలు కోసం తిరుగుతాడు. బయటి దేశాల్లోనూ ఇదే పాఠం: 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గులో ఓవీహెచ్ డేటా కేంద్రం కాలినప్పుడు, నకళ్ళను కూడా అక్కడే ఉంచుకున్నవారికి రెండూ దక్కలేదు.

ఆ సంఘటన తర్వాత నేను మూడు నెలలకొకసారి ఒక ఖాళీ యంత్రం మీద టేపులు దించి చూసేవాణ్ణి. కొలతల కాగితం ఒకటి యంత్రం తలుపుకు, ఒకటి వేరే భవనంలోని బీరువాలో. కొత్తగా వచ్చిన కుర్రవాడు ఒకసారి అడిగాడు, "పోనిదాన్ని మళ్ళీ మళ్ళీ ఎందుకు దించుతారు సార్?" అని. గెట్టు చూపేవాడు బతికున్నప్పుడే ఒకసారి పొలం చుట్టి రావాలి బాబూ, అన్నాను.