పశువుల చెవిపోగు

ఆవులు, గేదెలను విడివిడిగా గుర్తించడానికి చెవికి వేసే సంఖ్య గల బిళ్ల. భారతదేశంలో పసుపురంగు పాలియురెథేన్ చెవిపోగు వాడుకలో ఉంది. దానిమీద 12 అంకెల సంఖ్య, బార్‌కోడ్ ఉంటాయి. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమంలో గాలికుంటు టీకా వివరాలను ఈ సంఖ్య కిందే నమోదు చేస్తున్నారు.

మన్నిక చాలావరకు ముడిసరుకును బట్టి ఉంటుంది. నాసిరకం ప్లాస్టిక్ ఎండకు పెళుసుబారి విరుగుతుంది. పాలియురెథేన్ వంగుతుందే గానీ తొందరగా తెగదు. లేజరుతో ముద్రించిన అంకెలు ఏళ్లతరబడి చెరగవు. చేత్తో రాయాల్సివస్తే చెవిపోగుల కోసం తయారైన సిరానే వాడాలి, బాగా ఆరాకే చెవికి వేయాలి. మామూలు మార్కరు రాత ఎండావానలకు వెలిసిపోతుంది.

ఎంత మంచి పోగైనా తప్పుచోట వేస్తే నిలవదు. చెవి మధ్యభాగంలో, రెండు మృదులాస్థి గట్ల నడుమ, రక్తనాళాలు తగలకుండా గుచ్చాలి. అంచుకు దగ్గరగా వేస్తే కంచెకో కొమ్మకో తగులుకుని చెవి చీలుతుంది. వానాకాలంలో ఈగలు ముసురుతాయి కాబట్టి గాయం మానేదాకా రోజూ చూడాలి; పురుగుపడితే మూగజీవం పడే బాధ అంతా ఇంతా కాదు.

పోగు ఊడిపోతే వెంటనే పశువైద్యశాలలో చెప్పి కొత్తది వేయించుకోవాలి. బీమా పరిహారం కోరేటప్పుడు పశువును గుర్తించడానికి ఆ సంఖ్యే ఆధారం.