రేడియోనుండి తెరకెక్కిన నావికులు

1959లో బ్రిటనులో ‘ది నేవీ లార్క్’ అను హాస్యచిత్రము విడుదలయ్యెను. నావికుల కథ, కాని అది పుట్టినది మన బోటి శ్రోతల యింట, రేడియో పెట్టెలో.

ఆ సంవత్సరమే మార్చి 29న బి.బి.సి. లైట్ ప్రోగ్రాములో ఆ పేరి ధారావాహిక ఆరంభమయ్యెను. రచయిత లారీ వైమన్. ట్రౌట్‌బ్రిడ్జ్ అను కల్పిత యుద్ధనౌక, దానిని నడుపజాలని అధికారులు, ఎట్టి చిక్కునైనను మాటలతో దాటవేయు చీఫ్ పెటీ ఆఫీసర్ పెర్ట్‌వీ: ఇవియే అందలి ముడిసరకు. పాత్రపేరే నటునిపేరు, ఆయన జాన్ పెర్ట్‌వీ.

ఈయన సముద్రము నెరుగని విదూషకుడు కాడు. యుద్ధకాలమున ‘హుడ్’ అను మహానౌకలో పనిచేసెను. అధికారి శిక్షణకై ఆయనను అందుండి తప్పించిన కొలదికాలమునకే, 1941 మే 24న, ‘బిస్మార్క్’ గుండ్లకు హుడ్ ప్రేలి మునిగెను. నౌకపై నున్న 1,418 మందిలో బ్రతికినవారు మువ్వురు. ఆ లెక్కలో తప్పిపోయినవాడు పదునెనిమిదేండ్లకు మైకు ముందు నిలిచి నావికులను గూర్చి నవ్వించెను. వినువారిలోను సైనికజీవిత మెరిగినవారు పెక్కురు. నిర్బంధ సైనికసేవకు పిలుపులు 1960 వరకు ఆగలేదు.

చిత్రమునకు దర్శకుడు గోర్డన్ పారీ. యుద్ధము ముగిసి ఏండ్లు గడచినను ఒక చిన్నదీవిలో సముద్రపు మైనులు ఏరు నెపమున హాయిగా కాలక్షేపము చేయు దళము, తమ స్థావరమును మూయవచ్చిన పై అధికారిని ఏమార్చుట అందలి కథ. వట్టి వేడుక కాదది. 1957లో రక్షణమంత్రి డంకన్ శాండిస్ ప్రకటించిన విధానముతో బ్రిటిషు సేనలు నిజముగనే కుదించుకొనిపోవుచుండెను.

అయినను రేడియో ప్రధాననటులలో తెరకెక్కినది లెస్లీ ఫిలిప్స్ ఒక్కడే. పెర్ట్‌వీ వహించిన తరహా పాత్ర రోనాల్డ్ షైనర్‌కు దక్కెను. లండను రంగస్థలమున నావికవేషముతోనే పేరుగన్న నటుడాయన. లోపము ఆయనది కాదు. రేడియోలో ఓడ రేవును ఢీకొనుటకు ఒక్క చప్పుడు చాలును, ఓడను శ్రోతయే కట్టుకొనును. తెరపై నిజమైన ఓడను చూపవలయును. చూపిన ఓడ అందరికిని ఒక్కటే. రేడియో ఉద్యోగిని గనుక నాది పక్షపాతమందురేమో, అనుడు.

చిత్రము తన సంవత్సరముతో సరిపెట్టుకొనెను. ధారావాహిక 1977 వరకు సాగెను. ఆ చివరి సంవత్సరమునను పెర్ట్‌వీ కంఠము అందుండెను.