ఓరుగంటి మాతామహి

మన దేశచరిత్రమును వ్రాసినవారు రాజుల తండ్రితాతలను లెక్కించుటయం దెంతయో శ్రద్ధ వహించిరి. మాతామహులను దలఁచినవా రరుదు. అయినను ఆంధ్రదేశము నేలిన ప్రభువులలో నొకనిని గూర్చి చెప్పునపుడు మాత్రము అతని తండ్రికంటె ముందుగాఁ దల్లితల్లిని జెప్పక తీఱదు. ఆ ప్రభువు కాకతీయ ప్రతాపరుద్రుఁడు. ఆ యమ్మమ్మ రుద్రమదేవి.

మా తిరుమలాయపాలెమువారి కిది దూరపుఁ గథ కాదు. ఖమ్మమునుండి ఓరుగంటికిఁ బోవు బాట మా సీమమీఁదుగనే పోవుచున్నది. పొరుగున కూసుమంచిలోఁ గాకతీయుల నాఁటి గణపేశ్వరాలయము నిలిచియున్నది. అడవుల యంచున బయ్యారములో గణపతిదేవుని సోదరి మైలాంబ కట్టించిన చెరువు నేఁటికిని బొలములకు నీ రిచ్చుచున్నది. 1953 అక్టోబరులో ఖమ్మము జిల్లా వేఱుపడువఱకు మా ప్రాంతమంతయు వరంగల్లు జిల్లాలోనిదే. మా మాతామహి నోట వరంగల్లను మాట చివరివఱకు రాలేదు. ఆమె ఓరుగల్లనియే యనుచుండెడిది.

కాకతీయు లేకులమువారను వాదము మన సభలలోను ఇతరుల సభలలోను నడచుచునేయుండును. వారి శాసనములు కొన్ని చతుర్థకులమనియు, మోటుపల్లి శాసనము సూర్యవంశమనియుఁ బలుకుచున్నవి. ఆ తగవు ప్రస్తుతమునకు వలదు.

గణపతిదేవునకుఁ బుత్రసంతతి లేదు. అపుత్రకుఁడు కూఁతును బుత్రికగా నియమించుకొనినచో ఆమె కుమారుఁడు మాతామహునకుఁ బిండప్రదానాధికారి యగునని మన్వాదులు చెప్పిరి. ఆ శాస్త్రమర్యాదను మనసున నుంచుకొనియో, లోకముయొక్క నోటికి వెఱచియో, గణపతి తన కూఁతును రుద్రదేవ మహారాజను పురుషనామముతోఁ బట్టమునకుఁ దెచ్చెను. 1262 మొదలు ఆమెయే యేలిక. స్త్రీ యేలుబడికి లోఁబడమని తిరుగఁబడిన సామంతులను అణఁచెను. దేవగిరి యాదవుల దండయాత్రను ద్రిప్పికొట్టెను. మోటుపల్లి రాజ్యమును వర్ణించిన మార్కోపోలో ఆమె తండ్రిని భర్తగాఁ బొరపడెనుగాని, ఆమె న్యాయమును శాంతిని మాత్రము మనసార మెచ్చుకొనెను.

నిడదవోలు చాళుక్య వీరభద్రునివలన ఆమెకుఁ గలిగినవారును కూఁతులే. పెద్దకూఁతురు ముమ్మడమ్మకును మహాదేవునకును బుట్టినవాఁడు ప్రతాపరుద్రుఁడు. ఇచ్చట మేము పాఠకులను ఒకింత నిలువుమని కోరెదము. తండ్రి తన్నుఁ గొడుకుగాఁ జేసికొనినట్లే ఆమె దౌహిత్రునిఁ గొడుకుగాఁ జేసికొనెను. ఆమె జీవించియుండఁగనే శాసనములలోఁ గుమారరుద్రదేవుఁడని అతనిపేరు కానవచ్చుచున్నది. అనఁగా, పట్టమునకు ముందే అమ్మమ్మచెంత రాజకార్యములను నేర్చెనన్నమాట. విద్యానాథుఁడు ప్రతాపరుద్రీయములోని నాటకమునందు ఈ రాజ్యప్రదానమునే యితివృత్తముగాఁ గొనెను. విద్యార్థిదశలో మేమా గ్రంథమును నాయకలక్షణములకొఱకును అలంకారములకొఱకును గంఠస్థము చేసితిమి. అందు రాజ్య మొసఁగు రుద్రనరేశ్వరుఁడు ఒక యమ్మమ్మ యని మాకు బోధించినవారు లేరు.

మనుమఁడు ఎదిగివచ్చిన ముదిమిలో ఆమెకుఁ గాయస్థ అంబదేవుని తిరుగుబాటు దాపురించెను. ఆమె యంతము నెఱుఁగక చరిత్రకారులు చిరకాలము 1295 ప్రాంతమువఱకు ఆమె యేలినట్లు వ్రాయుచుండిరి. నల్లగొండ సీమలోని చందుపట్ల శాసనమును పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారు చదివిన పిమ్మటఁ దెలిసినదేమనఁగా, 1289 నవంబరు 27 నాఁటికే రుద్రమదేవియు, సేనాని మల్లికార్జున నాయకుఁడును శివలోకమున కేఁగిరి. వారి పుణ్యమునకై దేవునకు భూమి నిచ్చి ఆ ఱాయి నిలిపినవాఁడు రాజు కాఁడు, మంత్రి కాఁడు. పువ్వుల ముమ్మడి యను సేవకుఁడు. ఆమె అంబదేవునితోడి పోరుననే కూలెనని పండితుల యూహ. ఆ పరిచారకుఁడు తన కలిమికొలఁది మడిచెక్క నొసఁగి నాలుగు పంక్తులు చెక్కింపకున్నచో ఆ మహారాజ్ఞి కడపటి దినము మన కెన్నఁటికిని దెలియకపోయెడిది.

ప్రతాపరుద్రుఁడు సింహాసన మెక్కిన కొలఁది యేండ్లలోనే అంబదేవుని ద్రిపురాంతకమునుండి తొలఁగించెను. అమ్మమ్మ కాలమున మొలకెత్తిన నాయంకరపద్ధతిని విస్తరించి, నాయకులకు సీమలొసఁగి సైన్యమును గూర్చెను. కర్నూలు ప్రాంతమున అడవులు నఱికించి యూళ్లు నిలిపెనని అచ్చటి కైఫియతులు చెప్పుచున్నవి. 1303లో ఢిల్లీ సేన వెనుదిరిగినది. 1310లోఁ గప్పము తప్పలేదు. 1323లో ఓరుగల్లు పడినది. బందీయై ఢిల్లీకిఁ బోవుచు అతఁడు నర్మదాతీరమునఁ దనువు విడిచెనని విలస తామ్రశాసనము చెప్పుచున్నది. ముప్పదినాలుగేండ్లు పోరాడిన ఆ పట్టుదల యెవరివలన వచ్చినదని మమ్మడిగినచో, శాసనాధారము లేకున్నను, మేము సందేహింపక అమ్మమ్మ పేరే చెప్పుదుము.

ఇట్లు చెప్పుటకు మా స్వానుభవమును గొంత కారణము. చిన్ననాఁడే తండ్రిని గోల్పోయి మేము మాతామహులయింటఁ బెరిగితిమి. మా యమ్మమ్మకు అక్షరము రాదు. మేము అరుగుమీఁద అమరము వల్లించుచుండఁగా ఆమె వాకిట బియ్యము చెఱుగుచుండెడిది. ఎచ్చటనైన ఒక యక్షరము జాఱినచో చేటచప్పుడు ఆగెడిది. అర్థము తెలియదు, వినికిడి తప్పదు. మేము సరిదిద్దుకొనువఱకు చేట కదలదు. పిదప ముప్పదియైదేండ్లు బడిపిల్లల నోట శ్లోకములు విన్న మా చెవి ఆమె పెట్టిన చెవియే.

ఈ సంచికకై కార్యనిర్వాహకులు సభ్యుల వంశావళులను దెప్పించి, వానిలోఁ గొన్నింటిని బరిశీలింపుమని మా చేతి కిచ్చిరి. ఏడెనిమిది తరముల పురుషనామములు బారులు తీఱియున్నవి. స్త్రీలకడకు వచ్చునప్పటికి ‘ఫలానివారి యాడుపడుచు’ అని యొకచోట, చుక్కలు వేఱొకచోట. పొలము పోకుండ నిలిపినదియు, అనాథలను బెంచినదియు, పిల్లవానిని బడికిఁ బంపినదియు ఈ చుక్కలలోనే యున్నవి. ఇందు విద్యార్థిగృహమునకు విరాళములిచ్చిన మహాదాతల పత్రములును గలవు. వారే యీ విషయమున ముందు నడచిన సభ్యులందఱు వెనుక వత్తురు. ఎనుబది దాఁటిన ముత్తైదువలు, అవ్వలు మన యిండ్ల నింకను గలరు. సభ ముగిసి యిల్లు చేరినవెంటనే వారి ప్రక్కఁ గూర్చుండి, వారి తల్లుల పేరులను, పుట్టినయూళ్లను అడిగి వ్రాసికొనవలెను. వచ్చు సంవత్సరపు సంచికలో వానికొఱకుఁ బుటలు కేటాయింతుమని కార్యదర్శిగారు మాట యిచ్చియున్నారు.

మా పత్రమున మేము మాతామహి పేరు చేర్చితిమి. ఆమె తల్లి పేరు వ్రాయుదమన్నఁ జెప్పఁగలవారు మా యింట నిపుడు లేరు.