గాజుతొట్టిలో చేపయు, కప్పయు

ఒకే గాజుతొట్టిలో చేపలను, కప్పలను కలిపి పెంచవచ్చునా? ఇంటిలో తొట్టి పెట్టుకొనిన పిల్లవాడు తప్పక అడుగు ప్రశ్న యిది. వినుటకు చిన్నదే. అయినను దీని వెనుక రెండు శతాబ్దములకు పైబడిన చరిత్ర కలదు. అందులో కొంత రసాయన శాస్త్రమునకు, కొంత వైద్యమునకు చెందినది.

18వ శతాబ్దమున ఐరోపాలోని కలవారు చైనా దేశపు బంగారు చేపలను పాత్రలలో ఉంచి ముచ్చటపడుచుండిరి. నీరు తరచుగా మార్చకున్నచో అవి చచ్చుచుండెను. చేప తన మొప్పలతో గ్రహించునది నీటిలో కరిగియున్న ఆమ్లజనిని, అనగా ఆక్సిజన్ వాయువును. అది తరిగిపోయినచో చేపకు ఊపిరి లేదు. ఈ చిక్కు విడుటకు దారి మొదట నీటిలో గాక గాలిలో దొరకినది. 1771లో ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్లీ, కొవ్వొత్తి మండి ఆరిపోయిన మూసిన పాత్రలో పుదీనా రెమ్మ నుంచెను. కొన్ని దినముల తరువాత ఆ గాలిలో కొవ్వొత్తి మరల వెలిగినది. ఈ పనికి వెలుతురు కావలెనని, మొక్కలోని పచ్చని భాగములే దీనిని చేయునని 1779లో ఇంగెన్‌హౌజ్ చూపెను. పాఠశాలలో హైడ్రిల్లాపై గరాటు బోర్లించి బుడగలు పట్టు ప్రయోగము ఈ పరంపరలోనిదే.

దీనిని చేపల తొట్టికి అన్వయించినవారిలో ముఖ్యుడు రాబర్ట్ వారింగ్టన్. ఆయన లండనులో ఔషధములు తయారుచేయు అపోథికరీస్ హాల్‌లో రసాయన శాస్త్రజ్ఞుడు. 1849లో ఆయన సుమారు 12 గ్యాలనులు, అనగా దాదాపు 54 లీటర్లు పట్టు గాజుపాత్రలో ఇసుక, బురద, రాళ్లు వేసి, సగము వరకు ఊటనీరు పోసి, ఒక వాలిస్నీరియా మొక్కను నాటి, రెండు చిన్న బంగారు చేపలను విడిచెను. కొంతకాలము అంతయు బాగుగనే జరిగెను. పిమ్మట మొక్క ముదురాకులు కుళ్లనారంభించెను. నీరు కలక బారెను. గాజుపై పచ్చని పాచి పట్టెను. మరియొకరైనచో నీరు పారబోసి మరల మొదలు పెట్టియుందురు. వారింగ్టన్ అట్లు చేయక, చెరువులలో కుళ్లిన ఆకులు ఏమగుచున్నవని ఆలోచించి, ఐదారు నీటినత్తలను తెచ్చి వేసెను. అవి కుళ్లును, పాచిని తినివేసినవి, నీరు తేటపడినది. అంతేకాక నత్తల గ్రుడ్లు చేపలకు ఆహారమైనవి. ఈ కథలో కథానాయకుడు నత్తయే యనవచ్చును. 1850లో ఈ ఫలితములు రసాయన సంఘపు పత్రికలో వెలువడినవి.

ఇంగ్లండులో గాజుపై పన్ను 1845లోనే తీసివేయబడినందున తొట్లు చౌకయైనవి. 1853లో లండను జంతుశాలలో చేపలకు ప్రత్యేక భవనము తెరచిరి. మరుసటి సంవత్సరము ఫిలిప్ గాస్ వ్రాసిన గ్రంథముతో అక్వేరియమ్ అను మాట ఇంటింట ప్రాకినది.

అయితే వారింగ్టన్ లెక్కలో ఒక లోపము కలదు. చీకటిలో మొక్కలు కూడ ఆమ్లజనిని వాడుకొనును. తొట్టిలోని చేపలకు అందు ఆమ్లజనిలో పెద్ద భాగము నీటి ఉపరితలము గుండ వచ్చునదేనని 20వ శతాబ్దపు పరిశోధకులు తేల్చిరి. మూతి ఇరుకైన గుండ్రని గిన్నె చేపకు చెరసాల యగుట కిదియే కారణము.

ఇక కప్ప సంగతి. తోకకప్పకు మొప్పలున్నవి గనుక కొంతకాలము చేపతో సరిపడును. పెరిగిన కప్పకు ఊపిరితిత్తులు ఏర్పడును. సామాన్యపు కప్పలకు గట్టెక్కుటకు కొంత నేల కూడ కావలెను. ఆజన్మాంతము నీటిలోనే యుండు కప్ప ఒకటి దక్షిణాఫ్రికాలో కలదు. దానిపేరు జినోపస్. నాలుక లేదు, వెనుక కాళ్లకు గోళ్లున్నవి. 1930 ప్రాంతమున కేప్‌టౌనులో లాన్సెలాట్ హాగ్‌బెన్, పశువుల పిట్యూటరీ గ్రంథి సారమును ఎక్కించినచో ఈ కప్ప గ్రుడ్లు పెట్టునని కనుగొనెను. దీనినిబట్టి గర్భపరీక్ష పుట్టినది. స్త్రీ మూత్రమును ఎక్కించిన ఆడకప్ప ఒక దినములోపల గ్రుడ్లు పెట్టినచో ఆమె గర్భవతి. అంతకుముందు ఎలుకలను, కుందేళ్లను కోసి చూడవలసియుండెను. ఈ కప్ప బ్రతికియుండి మరల పనికివచ్చును. అందుచేత వేలకొలది కప్పలు దేశదేశములకు ఎగుమతియైనవి. 1960 తరువాత వేరు పరీక్షలు వచ్చి ఆ అవసరము తీరినను, కప్పలు పరిశోధనశాలలలో నిలిచినవి. ఇండ్ల తొట్లలోనికిని వచ్చినవి.

చేపతో పొత్తు దీనికి కుదరదు. నోట పట్టినదానినెల్ల మింగును. మూడు నాలుగు సెంటీమీటర్ల ఆఫ్రికా మరుగుజ్జు కప్ప మాత్రము చిన్న, సాధు చేపలతో ఉండగలదు. కాని దాని చూపు మందము, కదలిక నిదానము. మేతను చేపలే ముందు కాజేయును గనుక దానికి విడిగా అందింపవలెను.

తొట్టి గోడ దాటిన కప్పలు వేరొక కథకు మూలమైనవి. తప్పించుకొనినవియు, విడిచిపెట్టినవియు చిలీ, ఫ్రాన్సు, కాలిఫోర్నియా నీళ్లలో స్థిరపడినవి. 1999లో శాస్త్రజ్ఞులు కప్పల చర్మమును పట్టు కైట్రిడ్ అను బూజును వర్ణించిరి. కప్ప చర్మము నీటిని, లవణములను రానిచ్చు పొర. అది చెడినచో రక్తములోని లవణములు తగ్గి గుండె ఆగును. ఈ బూజువలన 90 జాతులు నశించియుండవచ్చునని 2019లో ఒక పరిశోధక బృందము అంచనా వేసినది. జినోపస్ మాత్రము దానిని మోయుచు సాధారణముగా ఆరోగ్యముగనే తిరుగును. 1938లో పట్టి భద్రపరచిన ఒక జినోపస్ చర్మముపై ఈ బూజు కనబడినందున, గర్భపరీక్షల కప్పలే దీనిని ప్రపంచమునకు పంచినవని 2004లో కొందరు ఊహించిరి. 2018లో జన్యుపరిశీలనలు దాని పుట్టుకను కొరియా ద్వీపకల్పము వైపు చూపినవి. అయినను అది ఖండములు దాటినది కప్పల వ్యాపారముతోనేయని ఆ పరిశోధకులు భావించిరి. ఆ వ్యాపారములో వైద్యశాలలకు పోయిన కప్పలును, గాజుతొట్లకు పోయిన కప్పలును ఉన్నవి.