తప్పెటగుళ్ళు
శ్రీకాకుళం, విజయనగరం, ఉమ్మడి విశాఖపట్నం జిల్లాలలో ప్రధానంగా గొల్లలు, అనగా పశువులను, మేకలను కాచి జీవించే యాదవులు, ప్రదర్శించే బృంద నృత్యగానాన్ని తప్పెటగుళ్ళు అంటారు. రేకుతో చేసిన గుండ్రని తప్పెటను మెడనుంచి రొమ్ముపైకి వేలాడదీసుకొని, రెండు చేతులతో వాయిస్తూ, కాలి గజ్జెలు అదే లయలో మోగేలా అడుగులు వేస్తారు గనుక, ఇందులో వాద్యకారుడు, గాయకుడు, నర్తకుడు ఒక్కడే. దాదాపు 15 నుంచి 20 మంది నిక్కర్లు, బనియన్లు ధరించి ఆడతారు. గురువు చరణం అందించగా తక్కినవారు వంత, అంటే బదులు పాట, పాడతారు. రిథమ్ అండ్ బ్లూస్, అనగా అమెరికా నల్లజాతీయుల లయప్రధాన సంగీతం, కూడా ఈ పిలుపు, బదులు పద్ధతిని ఎరిగినదే. కాకపోతే అక్కడ గాయకుల పేర్లు నిలిచాయి, ఇక్కడ మేళమే నిలిచింది. గంగమ్మ కొలువు, వానకై మొక్కు, రామకృష్ణుల గాథలు ఇతివృత్తాలు. ఆట జోరందుకున్నాక ఒకరి భుజాలపై ఒకరెక్కి గోపురంలా నిలుస్తారు. ఎక్కేవేళ లయ తప్పకపోవడమే ఇందులో అసలైన నేర్పు.